ఆ ఈల ఎక్కడిదంటే

చిరంజీవి చిన్నారికి, చిరంజీవి బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోనులో ఒక పాట వినిపించి, "వెనకాల ఈల వేస్తున్నది మనిషా, యంత్రమా?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా మీ అమ్మ "రేపు బడి ఉంది, పడుకోండి" అని ఫోను లాక్కుంది. ఇలాంటి ప్రశ్నకు నా జవాబు రెండు నిమిషాల్లో తేలదని దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

యంత్రమే. దాని చేత ఆ ఈల వేయించడానికి మాత్రం మూడు తరాల మనుషులు పట్టారు.

ముందు ఇక్కడ జరిగిన సంగతి చెబుతాను. మీ మామయ్య ఉండే ఊరు ఆర్టీషియా, అమెరికాలో లాస్ ఏంజెలెస్ పక్కనే. పయొనీర్ బులెవార్డ్ అనే వీధి నిండా మనవాళ్ల కిరాణా కొట్లే. గోంగూర కట్టలు, ఒక ఆవకాయ సీసా కొనుక్కొని రోడ్డు దాటడానికి నిలబడ్డాను. సంచిలో ఆవకాయ సీసా దేనికో తగిలి గలగలమంది. నేను కదలలేదు, సంచీ కదలలేదు. మరుక్షణం అరికాళ్లలో ఏదో మెల్లగా గుబగుబలాడింది. అప్పుడు చూశాను, సిగ్నల్ దగ్గర అద్దాలన్నీ దించిన పొడుగాటి పాత కారు. నేలలోంచి వచ్చే ఆ గుబగుబ మీద, ఎక్కడో డాబా పైనుంచి జారిపడుతున్నట్టు, సన్నని ఈల. మీరు వినిపించిన ఈలే! నడుపుతున్నది కుర్రాడు కాదు, తల నెరిసిన నల్లజాతి పెద్దమనిషి. స్టీరింగు మీద వేళ్లతో దరువు వేస్తున్నాడు. పచ్చదీపం పడగానే వెళ్లిపోయాడు. సీసా నెమ్మదించింది.

ఆ సంగీతం పేరు జీ-ఫంక్. 'జీ' అంటే గ్యాంగ్‌స్టా, వీధి ముఠావాడు. 'ఫంక్' అంటే అంతకు ముందు తరం నల్లజాతివాళ్ల చిందులేయించే దరువు సంగీతం. పుట్టిన చోటు ఇక్కడికి కారులో అరగంట లోపే: కాంప్టన్, లాంగ్ బీచ్, ఇంకాస్త తూర్పున పొమోనా. 1990ల మొదట్లో పుట్టింది కాబట్టి ఆనాటి కుర్రాళ్లు ఇప్పుడు తాతలైపోయారు.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పాటల్లో మాటలు చాలా వరకు మీ వయసుకు తగినవి కావు. తుపాకులు, గంజాయి, ఆడవాళ్లను తూలనాడటం దండిగా ఉంటాయి. సంగీతం బాగుందని వాటిని నేను వెనకేసుకు రాను. మీకు చెప్పబోయేది వాద్యాల సంగతి. మాటల్లేని వాద్య సంగీతం మీ మామయ్య వెతికి పంపిస్తాడు, అది వినండి.

హిప్-హాప్ 1973లో న్యూయార్క్ బ్రాంక్స్ పేటలో పుట్టిందని మీకు తెలుసు. న్యూయార్క్ రైళ్లలో, కాలినడకన తిరిగే ఊరు. అక్కడి పాట చెవులకు పెట్టుకొని వినేది, గరుకుగా, బిగువుగా ఉండేది. లాస్ ఏంజెలెస్ కార్ల ఊరు. పాలు కావాలన్నా కారు తీయాలి. ఇక్కడి పాట డిక్కీలో పెట్టిన పెద్ద స్పీకర్ల కోసం, ఎండలో మెల్లగా పోయే బండి కోసం తయారైంది. అందుకే అందులో తొందర ఉండదు.

తొడ మీద తాళం వేసి చూడండి. నిమిషానికి సుమారు 95 దెబ్బలు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. రెండు దగ్గరా నాలుగు దగ్గరా చప్పట్లు పడతాయి. బేస్, అంటే అడుగు స్వరాలు పలికే వాద్యం, మాత్రం 'ఒకటి' దగ్గర బరువుగా దిగుతుంది. ఆ 'ఒకటి'ని తన వాద్యగాళ్లకు నూరిపోసినవాడు ఫంక్‌కు ఆద్యుడనదగ్గ గాయకుడు జేమ్స్ బ్రౌన్. అతని దగ్గర కుర్రతనంలో బేస్ వాయించిన బూట్సీ కాలిన్స్ ఆ విద్యను తరవాత జార్జ్ క్లింటన్ బృందానికి పట్టుకుపోయాడు. అడుగున బేస్, అంతెత్తున ఈల, నడుమ ఖాళీ. ఆ ఖాళీలో కూర్చొని మనిషి తాపీగా మాట్లాడతాడు. పందిట్లో నలుగురు వాద్యగాళ్లూ నడుమ స్థాయిలోనే పోట్లాడుకుంటూ గాయకుణ్ని మింగేయడం నేను ముప్పై ఏళ్లు చూశాను. ఈ కుర్రాళ్లు ఆ తప్పు చేయలేదు.

ఇక ఈల. దీని మీద నాకు సొంత కక్ష ఒకటి ఉంది. నేను హార్మోనియం వాడినని తెలుసుగదా. హార్మోనియానికి మెట్లు ఉంటాయి, మెట్టుకూ మెట్టుకూ మధ్య ఏమీ ఉండదు. వీణ మీద వేలు జరిపితే షడ్జమం నుంచి పంచమానికి స్వరం నూనె మీద జారినట్టు పోతుంది. దాన్నే జారు అంటాం. హార్మోనియం గెంతుతుందే తప్ప జారదు. ఈ లోపం పట్టుకొనే ఆకాశవాణి 1940లో దాన్ని గడప దాటనివ్వలేదు, ఆ నిషేధం ముప్పై ఏళ్లకు పైగా సాగింది. పద్య నాటకాల్లో రాజ్యమేలిన పెట్టె రేడియోకు అంటరానిదైంది. నాకు ఇప్పటికీ మంటే.

1970లో అమెరికాలో మినీమూగ్ అనే సింథసైజర్, అంటే కరెంటుతో స్వరాలు పుట్టించే పెట్టె, వచ్చింది. దానికి 44 మెట్లు. ఒకేసారి పది మెట్లు నొక్కినా ఒక్క స్వరమే పలుకుతుంది. పియానో వాళ్లకు అది లోపం. కానీ ఎడమ పక్కన గ్లైడ్ అని ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పితే ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు స్వరం గెంతకుండా జారుతుంది. మెట్లున్న వాద్యానికి జారు వచ్చేసింది! అప్పట్లో మా కచేరీ బృందానికి అలాంటిది ఒకటి దొరికి ఉంటే ఆకాశవాణి వాళ్ల ఎదుటే వాయించేవాణ్ని.

ఇలాంటి జారుడు ఈలల్లో పేరుపడ్డది ఒహాయో రాష్ట్రంలోని డేటన్ ఊరిది. అక్కడి ఒహాయో ప్లేయర్స్ బృందం 1972లో 'ఫంకీ వార్మ్' అని ఒక అల్లరి పాట చేసింది. అందులో ఒక ముసలమ్మ, ఒక పురుగు. ఆ పురుగు పాడే పాటే సింథసైజర్ మీద వణుకుతూ, మెలికలు తిరుగుతూ వస్తుంది. అచ్చం మన పాములవాడి నాగస్వరమే. వాయించినవాడు జూనీ మారిసన్. ముసలమ్మ గొంతు కూడా అతనిదే! 1987లో కాంప్టన్ కుర్రాళ్ల బృందం ఎన్.డబ్ల్యూ.ఏ. ఆ ఈల ముక్కను కోసి తమ పాటలో పెట్టుకుంది. నవ్వించడానికి పుట్టిన పురుగు మత్తుమందుల బజారు గురించిన పాటలో పోయి కూర్చుంది. చోటు మారితే అదే ఈల ఎంత భయపెట్టేలా వినిపిస్తుందో!

జూనీ 1970ల చివర జార్జ్ క్లింటన్ దగ్గరికి చేరాడు. క్లింటన్ న్యూజెర్సీలో మంగలి దుకాణం నడుపుతూ పాటల బృందం కట్టినవాడు. పార్లమెంట్, ఫంకడెలిక్ అని రెండు పేర్లు, దాదాపు ఒకే మనుషులు. కీబోర్డు దగ్గర బెర్నీ వారెల్ ఉండేవాడు, శాస్త్రీయ సంగీతం పద్ధతిగా చదువుకున్నవాడు. అతను మినీమూగ్ మీద బేస్ కూడా వాయించేశాడు. ఈ బృందం 1976 నుంచి వేదిక మీదికి నిజంగానే ఒక అంతరిక్ష నౌకను దింపేది. దాని తరవాతి ప్రతి ఇప్పుడు వాషింగ్టన్‌లో నల్లజాతి చరిత్ర మ్యూజియంలో ఉంది.

ఆ నౌక సంగతి కాస్త ఆగి చెప్పాలి. బానిసత్వపు రోజుల నుంచి నల్లవాళ్ల ప్రార్థన గీతాల్లో ఒక రథం వస్తూ ఉంటుంది. దిగి వచ్చి నన్ను ఎక్కించుకొని ఇంటికి తీసుకుపొమ్మని వేడుకోలు. ఇల్లంటే స్వర్గమూ కావచ్చు, బానిసత్వం లేని ఉత్తరాదీ కావచ్చు. 1975లో క్లింటన్ ఆ రథం పల్లవిని తీసుకొని దానికి అంతరిక్ష నౌకను కట్టాడు. 1992లో, ఎన్.డబ్ల్యూ.ఏ. నుంచి బయటికి వచ్చిన కాంప్టన్ సంగీత నిర్మాత డాక్టర్ డ్రే ఆ పల్లవినే తీసుకొని 'లెట్ మీ రైడ్' చేశాడు. ఈసారి రథం 1964 నాటి షెవర్లే ఇంపాలా కారు. రథం, నౌక, కారు. వేడుకోలు ఒక్కటే, ఎక్కించుకొమ్మని. మన సిగ్నల్ దగ్గరి పెద్దమనిషి గుర్తున్నాడా? అతను అందులోనే పోతున్నాడు.

ఆ పాట ఉన్న ఆల్బమ్ 'ది క్రానిక్' 1992 డిసెంబరులో వచ్చింది. జీ-ఫంక్ లోకానికి తెలిసింది దాంతోనే. కనిపెట్టింది మాత్రం తానేనని పొమోనా బృందం అబవ్ ది లా మనిషి కోల్డ్ 187ఎమ్ చాలాకాలంగా అంటున్నాడు. అతని వాదన తోసిపుచ్చేది కాదు. వాళ్లూ డ్రే ఒకే సంస్థలో, ఒకే స్టూడియోల చుట్టూ తిరిగినవాళ్లు, వాళ్ల ఆల్బమ్ 1993 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. ఇరుగు పొరుగు ఇళ్లలో ఒకే కూర ఉడుకుతున్నప్పుడు ఘుమఘుమ ఎవరి వంటింటిదో చెప్పడం కష్టం. నాకు తోచింది ఇది: వంటకం కనిపెట్టింది వాళ్లు కావచ్చు, దినుసులు కొలిచి వడ్డించింది డ్రే.

ఆ కొలతలో ఒక మెలిక ఉంది. అంతకుముందు హిప్-హాప్‌లో పాత రికార్డు ముక్కను కోసి అలాగే అతికించేవారు. 1991 డిసెంబరులో న్యూయార్క్ కోర్టులో ఒక జడ్జి, అనుమతి లేకుండా ముక్క కోసుకోవడం తప్పని తీర్పిస్తూ, బైబిల్లోని 'దొంగిలించవద్దు' అనే ఆజ్ఞతో మొదలుపెట్టాడు. రికార్డు మీద ఒక హక్కు, బాణీ మీద ఇంకో హక్కు ఉంటాయి. బాణీ హక్కుదారుకు డబ్బు కట్టి, పాటను మళ్లీ మనుషుల చేత వాయింపిస్తే రికార్డు సంస్థ అనుమతి అక్కరలేదు. డ్రే ఎక్కువగా ఈ దారి పట్టాడు. కాలిన్ వోల్ఫ్ లాంటి వాద్యగాళ్లను కూర్చోబెట్టి బేస్, కీబోర్డు కొత్తగా వాయించుకున్నాడు. ఇంకో లాభమూ కలిగింది. పాత రికార్డు గరగరలు పోయాయి, బేస్ ఎంత కావాలంటే అంత లావైంది. ఆవకాయ సీసా వణికింది అందుకే.

డ్రే చెవిని మెచ్చుకుంటున్నానని మనిషిని మెచ్చుకున్నట్టు కాదు. 1991లో ఒక మహిళా జర్నలిస్టును కొట్టాడు. 2015లో, తాను బాధపెట్టిన స్త్రీలకు క్షమాపణ చెప్పాడు. ఇరవై నాలుగేళ్లు పట్టింది.

లాంగ్ బీచ్‌లో వీఐపీ రికార్డ్స్ అని ఒక దుకాణం ఉండేది. దాని వెనక గదిలో ముగ్గురు స్నేహితులు, స్నూప్, వారెన్ జీ, నేట్ డాగ్, తమ తొలి టేపు చేసుకున్నారు. బృందం పేరు 213, అప్పటి అక్కడి టెలిఫోను కోడ్. వారెన్ జీ, డ్రే సవతి సోదరులు. ఆ టేపు అన్న డ్రే చెవిన పడ్డాక కథ మారింది. 1993 నవంబరులో స్నూప్ ఆల్బమ్, 1994లో వారెన్ జీ 'రెగ్యులేట్'. ఈ చివరిది 1982 నాటి మైకేల్ మెక్‌డొనాల్డ్ ప్రేమపాట మీద కట్టింది. ఎంత మెత్తని పాటో, దాని మీద చెప్పే కథ దారిదోపిడీ! నేట్ డాగ్ చర్చిలో పాడుతూ పెరిగాడు. అందరూ మాట్లాడే పాటల్లో అతను ఒక్కడు నిండు గొంతుతో పాడితే, గొడవ జరిగే వీధిలో ఎవరో తలుపు తీసి దీపం పెట్టినట్టుంటుంది.

అంత కరకు మాటలకు ఇంత సుతారపు సంగీతం ఎందుకు? ఆ కుర్రాళ్ల తల్లిదండ్రులు, తాతలు అమెరికా దక్షిణాది నుంచి ఫ్యాక్టరీ పనుల కోసం వచ్చినవాళ్లు. 1980ల మొదట్లో ఇక్కడి టైర్ల ఫ్యాక్టరీ, కార్ల ఫ్యాక్టరీ మూతపడ్డాయి. పని పోయిన వీధుల్లోకి మత్తుమందు వచ్చింది. 1992 ఏప్రిల్‌లో, రాడ్నీ కింగ్ అనే నల్లజాతి మనిషిని కొట్టిన పోలీసులను కోర్టు వదిలేసిన రోజున ఊరు అంటుకుంది. 'ది క్రానిక్' ఆ ఏడాదిదే. ఆ కుర్రాళ్ల చిన్నతనంలో, పని ఉన్న రోజుల్లో, శనివారం సాయంత్రాలు ఇళ్లలో మోగినవి ఈ పాత ఫంక్ రికార్డులే. వాటిని మళ్లీ వాయించుకోవడంలో అమ్మానాన్నల ముందుగది కూడా కాస్త తిరిగి వచ్చిందేమో అనిపిస్తుంది నాకు.

మనకూ ఈ కథలో చిన్న వాటా ఉంది, వినండి. కాంప్టన్‌వాడే అయిన డీజే క్విక్ 2002లో డ్రే సంస్థ కోసం చేసిన ఒక పాటలో, లతా మంగేష్కర్ పాడిన పాత హిందీ పాట ముక్కను పెట్టేశాడు. బాణీ బప్పీ లహరిది. అవును, మీ అమ్మ చిన్నప్పుడు వీధివీధినా మోగిన 'గ్యాంగ్ లీడర్' పాటల బప్పీ లహరే. ఆయన లాస్ ఏంజెలెస్ కోర్టుకెక్కాడు. తన పేరు వేయకుండా ఆ రికార్డు అమ్మకూడదని 2003లో ఉత్తర్వు తెచ్చుకున్నాడు. చివరికి ఆ వ్యాజ్యం ఆయనకు కలిసిరాలేదనుకోండి. పడమటి డిస్కోను మన సినిమాల్లోకి దిట్టంగా దింపుకున్న బప్పీగారు, ఒక ముక్క ఎదురు పోయేసరికి కోర్టుకెక్కారని మా బృందంలో తబలా వాయించే మిత్రుడు పడీపడీ నవ్వాడు. నేను నవ్వలేదు. పల్లవి పోయిన బాధ బాణీ కట్టినవాడికే తెలుస్తుంది.

ఇక మీకు పని. చిన్నారీ, నీ కంప్యూటర్‌లో కీబోర్డు వాయించే ప్రోగ్రామ్ ఉందన్నావు కదా. ఒక్క స్వరమే పలికేటట్టు పెట్టి, గ్లైడ్‌ను సగం తిప్పు. కింది స వదలకుండానే పై స నొక్కు. బుజ్జీ, నువ్వు 'ఫంకీ వార్మ్' పెట్టి, పురుగు మొదటిసారి ఎక్కడ ఈల వేస్తుందో నిమిషం, సెకను రాసి పంపు. ముసలమ్మను లెక్కలోకి తీసుకోకు.

నా హార్మోనియం జోలికి మాత్రం ఇద్దరూ పోవద్దు. దాని మూడో మెట్టు ఊడి ఉంది, వచ్చాక నేనే బిగిస్తాను.

మీ
తాతయ్య