వేసవి చెరువు, తొలి గాలం: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ ఆఖరున బడులకు సెలవులిస్తే చాలు, మా చెరువుకట్ట మీద కొత్త ముఖాలు కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి అమ్మమ్మ ఊరికి వచ్చిన పిల్లలు, వాళ్ళ వెంట చిన్నప్పటి సరదా గుర్తొచ్చిన నాన్నలు. చాలా ఏళ్ళుగా వాళ్ళకు గాలం వేయడం నేర్పుతున్నాను. గాలానికి ఎర గుచ్చడం పది నిమిషాల పని. ఎవరో చెప్పిన మాటలు మరిపించి, నీళ్ళను చూడటం అలవాటు చేయడానికే వారం పడుతుంది.

అపోహ: కోడి కూసేసరికి కట్ట మీద ఉంటేనే చేప పడుతుంది.

వాస్తవం: మే నెలలో, నీళ్ళు పచ్చబడ్డ చెరువులో ఇది పనిచేయదు. 20 డిగ్రీల వేడిలో లీటరు నీటికి సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు అది ఏడున్నరకు పడిపోతుంది. పైగా పగలంతా ప్రాణవాయువు విడిచిన నాచు రాత్రి దాన్నే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీటిలో గాలి అన్నింటికన్నా తక్కువ. ఆ వేళ చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే, ఆకలితో ఉన్నాయనుకుంటారు. అవి ఊపిరాడక వచ్చినవి, మేత ముట్టవు. ఎండ పడి గంట గడవనివ్వండి. నేను ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం ఐదు దాటాక వేస్తాను.

కొర్రమీను సంగతి వేరు. దానికి బయటి గాలి పీల్చే ఏర్పాటు తలలోనే ఉంది. కాసేపటికోసారి పైకొచ్చి బుడగ వదిలి దిగిపోతుంది. తుంగ పక్కన ఆ బుడగ ఎక్కడ లేస్తుందో పిల్లలతో లెక్కపెట్టిస్తాను.

అపోహ: మాట్లాడితే చేపలు పారిపోతాయి.

వాస్తవం: మన మాట గాలిలోనిది, నీటి పైభాగానికి తగిలి దాదాపు అంతా వెనక్కి పోతుంది. అడుగుల చప్పుడు అలా కాదు, మట్టిలోంచి నేరుగా నీళ్ళలోకి దిగుతుంది. బొచ్చె, రోహుల్లాంటి చేపలకు గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల వరుస ఉంటుంది, వినికిడి చాలా చురుకు. కాబట్టి కబుర్లు చెప్పుకోండి, పరుగెత్తకండి. మీ నీడ కూడా నీళ్ళ మీద పడకుండా చూసుకోండి.

అపోహ: చేపలు పడటం చేతి అదృష్టం.

వాస్తవం: కొత్తవాళ్ళను ఎక్కువగా నిరుత్సాహపరిచే మాట ఇదే. నిజానికి చాలాసార్లు తప్పు బెండు దగ్గర ఉంటుంది. దారానికి కట్టి నీళ్ళ మీద తేల్చే ఆ బెండును బట్టే ఎర ఎంత లోతుకు దిగేదీ ఉంటుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీళ్ళలో మేస్తుంది. రోహు నడిమి నీళ్ళలో తిరుగుతుంది. మ్రిగాల, బంగారుతీగ అడుగున బురద వెతుక్కుంటాయి. ఒకే చెరువులో మూడు అంతస్తులున్నట్టు. బెండు ఒకే చోట కట్టేసి మూడు గంటలు కూర్చుంటే, చేప ఉన్న అంతస్తుకు మీ ఎర చేరనే చేరదు. పావుగంటకోసారి బెండును జానెడు పైకో కిందికో జరపండి.

బెండు మునిగితేనే లాగాలనుకోవడం ఇంకో పొరపాటు. అడుగున ఉన్న చేప ఎరతోపాటు సీసపు గుండునూ పైకెత్తితే బెండు మునగదు, అడ్డంగా పడుకుంటుంది. అదీ పిలుపే. సన్నగా వణుకుతుంటే మాత్రం ఆగండి, పరకలనే చిన్న చేపలు కొరుకుతున్నాయి.

అపోహ: పెద్ద గాలానికే పెద్ద చేప.

వాస్తవం: బొచ్చె, రోహు జాతి చేపలకు దవడల్లో పళ్ళు లేవు, పళ్ళు గొంతులో ఉంటాయి. ఎరను లోపలికి పీల్చి, గట్టిగా ఏదైనా తగిలితే ఉమ్మేస్తాయి. తవుడు కలిపిన పిండిముద్దలో పూర్తిగా దాగే చిన్న గాలం చాలు.

అపోహ: చెరువు ఊరందరిదీ, చేపలు వాటంతట అవే పుడతాయి.

వాస్తవం: పరకలు, జెల్లలు పుడతాయి. బొచ్చె, రోహు, మ్రిగాల నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి వానాకాలపు పారే నది కావాలి. 1957లో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి సూదిమందుతో ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాకే చేపపిల్లల పెంపకం ఇంతగా పెరిగింది. మా తెలంగాణ చెరువుల్లో పిల్లలను వదిలి, కాపలా కాసి, వల వేసుకునే హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది. వాళ్ళ ఏడాది తిండి అందులో ఉంది. ముందు సంఘం పెద్దను అడగండి. గాలం వేసుకునే పిల్లవాడిని కాదన్న పెద్దను నేను చూడలేదు, అడగకుండా దిగినవాళ్ళ మీద కోపం మాత్రం న్యాయమే.

తొలకరి ముందు నీళ్ళ మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ముద్దగా కదులుతుంటే అక్కడ గాలం వేయకండి. అవి కొర్రమీను పిల్లలు, కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. దాన్ని పడితే ఆ గుంపును మిగతా చేపలు తినేస్తాయి. వదిలేయదలచిన చేపను తడిచేత్తోనే పట్టుకోండి, పొడిచేతికి దాని ఒంటి జిగురు ఊడిపోతుంది. జెల్లను మాత్రం పక్కముళ్ళ వెనక నుంచి పట్టుకోవాలి.

అపోహ: ఎండాకాలం చెరువులో మోకాలి లోతే, భయం లేదు.

వాస్తవం: దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. నీళ్ళు తగ్గినప్పుడే మట్టి తవ్వుతారు. మోకాలి లోతు నుంచి ఒక్క అడుగు వేస్తే నిలువెత్తు గుంత. నీళ్ళు మురికిగా ఉంటాయి కాబట్టి అంచు కనపడదు, అడుగున బంకమట్టి కాలు వదలదు. గాలం తుంగకు చిక్కుకుంటే దారం తెంపేయండి, దానికోసం దిగకండి. ఏటా సెలవులకు ముందే నేను పొడవాటి వెదురుతో అంచు వెంట లోతు చూసుకుంటూ నడుస్తాను, గుంతలకు ఇవతల ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతుతాను. ఈత వచ్చినా రాకపోయినా ఏ పిల్లవాడినీ ఆ కర్రల దాకా పోనివ్వను.