డర్బన్ తెలుగు కుటుంబాలు, తాతల ఊరు: అపోహలు - వాస్తవాలు

1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు (డర్బన్ ఉన్న ప్రాంతం) 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. ఎక్కువ మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవాళ్లే, అందులో మన ఉత్తరాంధ్ర వాళ్లూ ఉన్నారు. వాళ్ల మునిమనవలకు ఊరు వెతికిపెట్టడం నా పని. నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: "మా ఇంటిపేరు నాయుడు. దాంతో వెతికితే చాలు."

వాస్తవం: నాయుడు ఇంటిపేరు కాదు, పేరు చివర పెట్టుకునే గౌరవపదం. ఓడ జాబితాల్లో కూలీ నంబరు (ఒక్కో కూలీకి విడిగా ఇచ్చిన నంబరు), పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు, మచ్చలు రాశారు. ఇంటిపేరుకు మాత్రం కాలమ్ లేదు. తర్వాతి తరాల్లో చాలా ఇళ్లలో తాత పేరే ఇంటిపేరుగా స్థిరపడింది. అక్కడి అప్పలసామి కుటుంబాలను చూడండి. ఆ పేరు వింటే నాకు సింహాచలం అప్పన్నే గుర్తొస్తాడు, విశాఖ చుట్టుపక్కల వెతకాలనిపిస్తుంది. అయినా అది ఆనవాలే, రుజువు కాదు. పట్టుకోవాల్సింది కూలీ నంబరు. పిల్లల పెళ్లి, మరణ కాగితాల్లో తల్లిదండ్రుల నంబరు చాలాసార్లు కనిపిస్తుంది, కాబట్టి ముందు ఇంట్లో పాత కాగితాలన్నీ బయటికి తీయండి.

అపోహ: "గంజాం జిల్లా అని ఉంది, అంటే మేం ఒరియా వాళ్లం."

వాస్తవం: ఈ ఒక్క మాటతో వెతకడం మానేసినవాళ్లున్నారు, నాకు చాలా బాధనిపిస్తుంది. గంజాం ఇప్పుడు ఒడిశాలో ఉంది కానీ, 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలోనే ఉండేది. ఇంగ్లీషు కాగితాల్లో శ్రీకాకుళం పేరు చికాకోల్. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. అందుకే ఈనాటి మ్యాప్ పక్కన పెట్టి తాలూకా పేరుతో మొదలుపెట్టండి. ఊరి పేర్లు గుమాస్తాలు చెవికి వినిపించినట్టు ఇంగ్లీషులో రాసుకున్నవి. వాటిలో ట, త తేడా ఉండదు, ల, ళ తేడా ఉండదు. ఆ ప్రాంతం మనిషి చేత పైకి చదివించండి. చివర 'వలస' అని వినిపిస్తే ఉత్తరాంధ్ర మీద ఆశ పెట్టుకోవచ్చు. కాకపోతే ఒకే పేరుతో అలాంటి ఊళ్లు చాలా ఉంటాయి.

అపోహ: "జనాభా లెక్కల్లో పేరు దొరుకుతుంది."

వాస్తవం: దొరకదు. మన దేశంలో మనుషుల పేర్లున్న సెన్సస్ కాగితాలు ఎవరికీ చూపించరు. డీఎన్ఏ పరీక్ష కూడా దూరపు బంధువును చూపిస్తుందేమో కానీ ఇంటిపేరు చెప్పదు.

అపోహ: "ఊరు తెలిసింది కదా, భూమి రికార్డుల్లో తాత ఉంటాడు."

వాస్తవం: అక్కడ చాలా ఊళ్లు జమీందారీలవి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాకే వాటిలో ప్రభుత్వ సెటిల్‌మెంట్ (ఏ భూమి ఎవరిదో తేల్చి రాయడం) జరిగింది. అప్పటికి తాత ఓడెక్కి ఎన్నో ఏళ్లయింది. పైగా వెళ్లినవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు. అందుకని ఊళ్లో పెద్దవాళ్లను కలవండి. అదే ఇంటిపేరు కనిపించిందని వెంటనే చుట్టరికం కలిపేయకండి, ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ ఉంటుంది. జాబితాలోని తండ్రి పేరు, కులం ఆ ఇంటివాళ్లు చెప్పేదానితో సరిపోవాలి. మా ఇంట్లోంచి ఒకరు ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదన్న మాట వాళ్లంతట వాళ్లే చెప్పాలి, మీరు అందించకూడదు.