శిక్షణ అయ్యాక మొదలయ్యే తగవు

రెండు రోజుల ట్రైనింగ్ అయిపోతుంది. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అందరూ 'బాగుంది' అని టిక్కు పెట్టి వెళ్తారు. మూడు నెలల తర్వాత సేల్స్ మేనేజర్ వచ్చి 'అమ్మకాలేం పెరగలేదే?' అని అడుగుతారు. శిక్షణ విభాగం ఆ ఫారాలే చూపిస్తుంది. ఈ తగవు వెనుక చాలా ఏళ్ల చరిత్ర ఉంది.

1940లో అమెరికా యుద్ధ ఉత్పత్తికి సిద్ధమవుతూ 'ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ' అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలుపెట్టింది. ఫ్యాక్టరీలకు పని తెలియని కొత్తవాళ్లు పెద్ద సంఖ్యలో వచ్చారు. వాళ్లకు పని ఎలా నేర్పాలో సూపర్‌వైజర్లకు చెప్పడమే దాని ఉద్దేశం. 1945లో ముగిసేనాటికి 16 లక్షల మందికి పైగా ఆ శిక్షణ పొందారు. ఏం కావాలన్న విషయంలో అక్కడ గొడవ లేదు. ఉత్పత్తి పెరగాలి, సరుకు వృథా తగ్గాలి, అంతే.

యుద్ధం అయ్యాక శిక్షణ విభాగాలు కంపెనీల్లో స్థిరపడ్డాయి గానీ ఆ స్పష్టత నిలవలేదు. విస్కాన్సిన్ యూనివర్సిటీలో పనిచేసే డొనాల్డ్ కిర్క్‌ప్యాట్రిక్ 1959లో శిక్షణ ఫలించిందో లేదో చూడటానికి నాలుగు మెట్లు చెప్పారు. వచ్చినవాళ్లకు నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకు ఫలితం దక్కిందా. మొదటి మెట్టుకు ఒక ఫారం చాలు. నాలుగోది తేలాలంటే నెలలు ఆగాలి, లెక్కలు కావాలి. అందుకే చాలా కంపెనీలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాయి, కంపెనీ పైవాళ్లు మాత్రం నాలుగోదే అడిగారు. ఆ తర్వాత జాక్ ఫిలిప్స్ అనే శిక్షణ నిపుణుడు, పెట్టిన డబ్బుకు ఎంత తిరిగొచ్చిందన్న లెక్కను ఐదో మెట్టుగా చేర్చడంతో ఒత్తిడి ఇంకా పెరిగింది.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన ప్రశ్న 1970లో రాబర్ట్ మేగర్, పీటర్ పైప్ అనే శిక్షణ నిపుణులు వేసింది: అసలిది శిక్షణతో తీరే సమస్యేనా? పని తెలిసినా చేయలేకపోతున్నారంటే కారణం పనిముట్లు కావచ్చు, ఇన్సెంటివ్ కావచ్చు, పైవాళ్ల తీరు కావచ్చు. వాటికి క్లాసు పెడితే ఏం లాభం? ఇది మొదట్లోనే చెప్పే ధైర్యం లేక ఎంతమంది ట్రైనర్లు తమది కాని తప్పుకు మాటలు పడ్డారో!

తర్వాత కిర్క్‌ప్యాట్రిక్ కొడుకు జిమ్, కోడలు వెండీ ఆ మెట్లను పైనుంచి కిందికి, అంటే నాలుగోదానితో మొదలుపెట్టి చదవమన్నారు. క్లాసు తేదీ ఖరారు చేసేముందే మేనేజర్‌తో కూర్చుని, 'ఏం కనిపిస్తే ఇది ఫలించిందంటారు?' అని అడగాలి. క్లాసు నుంచి వచ్చిన ఉద్యోగి నేర్చుకున్నది పనిలో పెట్టేలా మేనేజర్ ఏం చేస్తారో కూడా అప్పుడే తేల్చుకోవాలి.