బండ లోపల ఎవరున్నారు?

చంద్రగిరి కోటకు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఒకడు కొండకేసి "గోవిందా!" అని అరిచాడు. కొండా అదే అంది. "ఎవరు సార్ పలికింది?" అన్నాడు. పక్కనున్న పెద్దాయన "ఇంకెవరు నాయనా, స్వామే" అని దండం పెట్టుకున్నాడు. నేను "ప్రతిధ్వని" అన్నాను. ఆయన జవాబే బాగుందని నాకే అనిపించింది. ప్రతిధ్వని విడిగా వినపడాలంటే బండ కనీసం 17 మీటర్ల దూరంలో ఉండాలని బడిలో లెక్క చేయించి వదిలేస్తాం, అసలు వింత ఆ తర్వాతే ఉంది.

అద్దానికి రెండడుగుల దూరంలో నిలబడితే మన ప్రతిబింబం అద్దానికి రెండడుగుల వెనక కనిపిస్తుంది. శబ్దానికి బండ అలాంటి అద్దం. గరుకుగా ఉంటుంది కదా అంటారేమో. 340 హెర్ట్జ్ గొంతుకు, అంటే సెకనుకు 340 సార్లు కంపించేదానికి, తరంగం పొడవు ఒక మీటరు, దానికి బెత్తెడు గుంటలు నునుపు కిందే లెక్క. బండకు 34 మీటర్ల దూరం నుంచి అరిస్తే గొంతు పోయి రావడానికి 0.2 సెకను పడుతుంది. చెవికి మాత్రం బండకు 34 మీటర్ల అవతల, రాతి లోపల, ఎవరో బదులిచ్చినట్టే ఉంటుంది. మీరు ముందుకు నడిస్తే అతనూ ముందుకొస్తాడు. బండకు సుమారు 17 మీటర్ల కంటే దగ్గరికి వెళ్తే అతని మాట మీ మాటలో కలిసిపోతుంది. అద్దంలోనైతే మొహం చూసి మనమే అని తెలుసుకుంటాం. ఇక్కడ గొంతు తప్ప ఏమీ లేదు. భయమో భక్తో అక్కడే పుడుతుంది.

ఆ లోపలి మనిషికి ఆదిమానవుడు బొమ్మ గీశాడా? 1988లో రెజ్నికాఫ్, డోవా అనే పరిశోధకులు ఫ్రాన్స్ గుహల్లో పాడుతూ తిరిగి, గొంతు బాగా మోగే చోటే బొమ్మలు ఎక్కువని చెప్పారు. గుహలో చప్పట్ల ప్రతిధ్వని గిట్టల చప్పుడులా ఉంటుందనీ, అందుకే గోడల మీద అన్ని గిట్టల జంతువులనీ స్టీవెన్ వాలర్ అనే ఇంకో పరిశోధకుడి వాదన. నాకు భలే నచ్చింది. కానీ 2017లో స్పెయిన్‌లోని ఐదు గుహల కొలతలు వచ్చాయి, మోతకూ బొమ్మలకూ సంబంధం ఉంది కానీ బలహీనమే. బొమ్మలు రాతి నునుపు చూసీ గీసి ఉండొచ్చు కదా.

మనకు దగ్గర్లో, బళ్ళారి పక్క కప్పగల్లు కొండ మీద ఇంకో రకం సాక్ష్యం ఉంది. కొత్త రాతియుగం వాళ్ళు ఎద్దుల బొమ్మలు చెక్కిన చోటే డోలరైట్ అనే గట్టి నల్లరాతి బండలు కొన్ని ఉన్నాయి. రాయి పెట్టి కొడితే గంటలా మోగుతాయి. కొట్టీ కొట్టీ పడిన గుంటలు వాటి మీద కనిపిస్తాయి.

ఇదంతా చెప్తుంటే మా వాడు వినడం లేదు. "గోవిందా, గోవిందా" అంటూ కొండ వైపు నడుస్తున్నాడు. ఒకచోట ఆగి, మళ్ళీ అరిచి, వెనక్కి తిరిగాడు.

"సార్, పోయాడు."