అమెరికా కోర్టు: మనవాళ్లు పొరబడే మాటలు

అపోహ: ఇంట్లో గొడవై భర్తను అరెస్టు చేస్తే, పోలీసుల్ని పిలిచింది భార్యే కదా, ఆవిడే కేసు వాపసు తీసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: కేసు కాగితం పైన చూడండి. ‘స్టేట్ వర్సెస్’ అనో, కాలిఫోర్నియాలోనైతే ‘ద పీపుల్ వర్సెస్’ అనో ఉంటుంది. కేసు పెట్టింది ప్రభుత్వం, ఆవిడ సాక్షి మాత్రమే. నడపాలా, ఎత్తేయాలా అన్నది ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది. చాలాచోట్ల ఆయన్నే డిస్ట్రిక్ట్ అటార్నీ అంటారు. జడ్జి ‘నో కాంటాక్ట్’ (ఆవిడను కలవకూడదు, మాట్లాడకూడదు అనే) ఆర్డర్ ఇచ్చాక, "ఇంటికొచ్చెయ్" అని భార్యే మెసేజ్ పెట్టినా వెళ్లకూడదు. వెళితే మళ్లీ అరెస్టు, ఇంకో కేసు. ఆర్డర్ సడలించాల్సింది జడ్జే.

అపోహ: తప్పు చేసి ‘నాట్ గిల్టీ’ అంటే అబద్ధమాడినట్టే.

వాస్తవం: అరైన్‌మెంట్‌లో, అంటే ఆరోపణలు వినిపించి ఒప్పుకుంటారా అని జడ్జి అడిగే హాజరులో, ప్రమాణం చేయించి అడిగే ప్రశ్న కాదది. నాట్ గిల్టీ అంటే ‘రుజువు చెయ్యండి’ అని. తర్వాత ప్లీ బార్గెయిన్ (నేరం ఒప్పుకుంటే శిక్షో ఆరోపణో తగ్గించేలా ప్రాసిక్యూటర్‌తో ఒప్పందం) కుదిరితే మార్చుకోవచ్చు. ఒకసారి గిల్టీ అన్నాక వెనక్కి తీసుకోవడమే గగనం.

అపోహ: కేసు డిస్మిస్ అయింది, వీసా ఫారంలో రాయక్కర్లేదు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఎలా డిస్మిస్ అయిందన్నది ముఖ్యం. గిల్టీ అనో, నో కాంటెస్ట్ (నేరం ఒప్పుకోను, కానీ ఎదురు వాదించను) అనో చెప్పి, జడ్జి వేసిన ప్రొబేషన్ (షరతులతో బయట ఉండే గడువు) పూర్తిచేశాక కొట్టేస్తే, స్టేట్ లెక్కలో మచ్చ లేకపోవచ్చు. ఇమిగ్రేషన్ చట్టం మాత్రం దాన్ని కన్విక్షన్ (నేరం రుజువైనట్టు) కిందే చూస్తుంది. అలాంటిదేమీ చెప్పకుండా కొట్టేస్తే కన్విక్షన్ కాదు. అయినా డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం అరెస్టు గురించి కూడా అడుగుతుంది, ‘అవును’ అనే రాయాలి. క్లర్క్ ఆఫీసులో సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో చెప్పే ధ్రువీకరించిన కాగితం) తీసి దాచుకోండి. ఒప్పుకోలు వల్ల డిపోర్టేషన్ ముప్పుంటే డిఫెన్స్ లాయర్ ముందే చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన చెప్పకపోతే మీరే అడగండి.

అపోహ: డబ్బు లేకపోతే ఏ కేసుకైనా కోర్టే లాయర్ని ఇస్తుంది.

వాస్తవం: డబ్బు లేనివాళ్లకు లాయర్ని ఇవ్వాలన్న 1963 నాటి సుప్రీంకోర్టు గిడియన్ తీర్పు క్రిమినల్ కేసులకే. ఇమిగ్రేషన్ కోర్టులో లాయర్ ఖర్చు మీదే. అక్కడి జడ్జి కూడా న్యాయశాఖ ఉద్యోగి, ఫెడరల్ కోర్టు జడ్జి కాదు.

అపోహ: నోటరీ అంటే లాయరే.

వాస్తవం: మన దగ్గర నోటరీ సాధారణంగా అడ్వకేటే. అక్కడ బ్యాంకు ఉద్యోగి కూడా కావచ్చు. ఆయన చూసేది గుర్తింపు కార్డు, సంతకం. సలహా అడక్కండి.

అపోహ: న్యూయార్క్ సుప్రీంకోర్టుకు వెళ్లిందంటే ఇక పైకోర్టు లేదు.

వాస్తవం: అక్కడ ఆ పేరు విచారణ కోర్టుది. రాష్ట్రంలో అన్నిటికన్నా పైది ‘కోర్ట్ ఆఫ్ అప్పీల్స్’.