తమ్ముడు చెయ్యి చూసుకుంటున్నాడు

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. మూడు నెలల తమ్ముడు పిడికిలి మొహానికి ఎదురుగా పెట్టుకుని, ఎంత పిలిచినా తిరక్కుండా దాన్నే చూస్తున్నాడనీ, "వాడికి అందులో అంతగా ఏం కనిపిస్తోంది తాతయ్యా?" అనీ అడిగావు.

కనిపిస్తున్నది చెయ్యే. కాకపోతే అది తనదేనని వాడికింకా తెలీదు.

కొత్తింట్లో దిగిన రోజు గుర్తుందా? ఫ్యాన్ అనుకుని స్విచ్ నొక్కితే వరండాలో లైటు వెలిగేది. నువ్వు ఒక్కోటీ నొక్కడం, ఏది వెలిగిందో పరిగెత్తి చూడటం. తమ్ముడిదీ అదే పని. లోపల ఏదో నొక్కాడు, ఎదురుగా అయిదు వేళ్లున్నదేదో కదిలింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ కదిలింది!

వాడి ఒళ్లనే ఈ ఇంట్లో కరెంటు పైఅంతస్తు నుంచి కిందికి వస్తుంది. ముందు కళ్లు, పెదాలు. తర్వాత మెడ నిలబడుతుంది. ఆ పైన చేతులు, నడుము. కాళ్ల వంతు ఆఖరున. పుట్టేసరికే ముఖ్యమైన తీగలు వేసి ఉంటాయి గానీ, చాలావాటికి తొడుగు ఉండదు. నరాల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకున్నకొద్దీ మెదడు పంపిన కబురు వేగంగా, దారి తప్పకుండా చేరుతుంది. అరచేతిలో వేలు పెడితే గట్టిగా పట్టుకుంటాడన్నావే, అది వాడు నొక్కిన స్విచ్ కాదు. దానంతటదే వెలిగే బల్బు. వదలడం ఇంకా చేతకాదు, అందుకే నీ జుట్టుకి ఆ తిప్పలు. 9, 10 నెలలకి బొటనవేలూ చూపుడువేలూ కలిపి నేల మీది నలుసు కూడా ఏరతాడు. అప్పటికల్లా నీ పూసల డబ్బా అటక ఎక్కించు.

ఇల్లు ఇల్లని పట్టుకు వేలాడుతున్నాను గానీ, ఏ ఇల్లూ తన వైరింగు తానే చేసుకోదు. వీడు చేసుకుంటున్నాడు.

మా చెల్లెలైతే అసలు పాకనే లేదు. కూర్చున్నది కూర్చున్నట్టే, ఒక చేత్తో నేలని తోసుకుంటూ ఇల్లంతా తిరిగేది. గుమ్మం దగ్గర కాపలా నాది. వచ్చినవాళ్లంతా "ఇంకా పాకట్లేదా?" అనేవాళ్లు, అమ్మ మొహం చిన్నబోయేది. ఒకరోజు అది మంచంకోడు పట్టుకుని లేచి నిలబడింది. ఇక పాకడం జోలికే పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో కలిపి 5 దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి, 2006లో లెక్కలు ప్రచురించింది. ఆసరా లేకుండా కొందరు 8 నెలలు దాటగానే నడిచారు, కొందరు 17 దాటాక. వందలో నలుగురు దాకా మోకాళ్ల మీద పాకనేలేదు. పక్కవాళ్ల పాప బోర్లాపడిన వీడియో చూసి అమ్మ టెన్షన్ పడితే, ఈ పేరా చదివి వినిపించు.

అలాగని ఏమీ పట్టించుకోవద్దని కాదు. పెద్ద చప్పుడుకీ ఉలిక్కిపడకపోయినా, వచ్చిన పని మళ్లీ రాకుండా పోయినా డాక్టరుకి చెప్పాల్సిందే. పిల్లల్ని గమనించాలి గానీ పోటీకి నిలబెట్టకూడదు.

ఇక నవ్వు. నెలన్నర, రెండు నెలలకి మనల్ని చూసి నవ్వడం మొదలుపెడతారు. మనల్ని చూసి నేర్చుకున్నారనుకుందామా అంటే, పుట్టుకతో చూపులేని పిల్లలు కూడా అమ్మ గొంతు వినపడగానే నవ్వుతారు! ఆ స్విచ్ ఎక్కడుందో నన్నడక్కు.

నువ్వో పని చెయ్యి. వాడికి గిలక్కాయ చూపించి, వాడు చూస్తుండగానే దానిమీద రుమాలు కప్పు. ఇప్పుడైతే చూపు తిప్పేసుకుంటాడు. కనపడకపోతే దాన్ని వెతకాలని వాడికింకా తోచదు. నెలకోసారి ఇలాగే చేస్తుండు. 8, 9 నెలలప్పుడు ఓ రోజు రుమాలు లాగిపారేస్తాడు. ఆ తేదీ క్యాలెండరు మీద రాసిపెట్టి, వెంటనే నాకు ఫోన్ చెయ్యి. రుమాలు గిలక్కాయ మీదే సుమా, వాడి మొహం మీద వెయ్యకు.

మీ తాతయ్య