నల్లబడ్డ నూనె

చిన్నూ, బుజ్జమ్మా,

మీ నాన్న కారుకి ఇంజన్‌ని కడిగే రకం ఆయిల్ పోయించాడనీ, పదిహేను రోజులకే అది నల్లగా అయిపోయిందనీ, "మెకానిక్ పాత ఆయిలే పోసేశాడా తాతయ్యా?" అనీ అడిగారు కదా. ఫోన్లో నాకు మాట కుదరదు, అందుకే రాస్తున్నా. ముందు ఆ మెకానిక్‌ని అనుమానించడం మానండి.

దీపావళి పొద్దున నానమ్మ మీకు తల అంటుతుందే, కుంకుడు రసం పోసి రుద్దాక నీళ్లు తేటగా పోతే ఆవిడకి తృప్తి ఉండదు, మురికిగా పోతేనే పని జరిగినట్టు. ఇంజన్ ఆయిల్లో కూడా కుంకుడు రసం లాంటిది కలిపే ఉంటుంది, డిటర్జెంట్ అంటారు, మసిని అంటుకున్నచోట నుంచి ఊడదీస్తుంది. దానికి తోడు ఇంకొకటి, ఊడిన మసి మళ్లీ ముద్ద కట్టకుండా నూనెలోనే తేలేట్టు చూస్తుంది. మామూలు ఆయిల్లోనూ ఇవి ఉంటాయి, ఈ రకంలో పాత మాడుని వదిలించే గుణం పెంచారు. డీజిల్ బండిలో అయితే ఆయిల్ ఇంకా త్వరగా నల్లబడుతుంది. ఆ, కుంకుడు రసం నూనెని కూడా వదిలించేస్తుంది కదా అంటారేమో, ఇక్కడ నూనె ఉండాలి, మసి పోవాలి, నా పోలిక అక్కడ కుంటింది, పోనివ్వండి.

ఇంతకీ ఈ రకం ఆయిల్ ఎందుకంటే, లోపల మాడు పేరుకుంటే బండి ఆయిల్ తాగుతుంది, అంటే ఆయిల్ తరిగిపోతూ ఉంటుంది. అదెలాగో చెప్పాలి. ఇంజన్ గొట్టంలో పైకీ కిందికీ ఆడే పిస్టన్‌కి గాజుల్లా మూడు రింగులుంటాయి. అడుగున ఉన్నది ఆ గొట్టం గోడ మీద ఎక్కువైన నూనెని గీకి, వెనకున్న సన్న బెజ్జాల్లోంచి కిందికి పంపుతుంది. నూనె వేడికి మాడి ఆ బెజ్జాలు పూడుకుపోయి, రింగు గాడిలో బిగుసుకుపోయిందంటే ఇక గీకే దిక్కు లేదు, మిగిలిన నూనె పెట్రోలుతో పాటే కాలిపోతుంది, సైలెన్సర్‌లోంచి నీలం పొగ వస్తుంది, కాలినకొద్దీ ఇంకాస్త మాడు పేరుకుంటుంది.

నా చిన్నప్పుడు మా పొలంలో ఆయిల్ ఇంజన్ ఉండేది. ఒక ఏడు అది నూనె తాగడం మొదలెడితే మేస్త్రీ వచ్చి హెడ్డు విప్పి పిస్టన్ బయటికి లాగాడు. రింగులు వేలితో నొక్కితే కదల్లేదు. రాత్రంతా కిరసనాయిల్లో నానబెట్టి, పొద్దున ఒక పాత రింగుని విరిచి, ఆ ముక్కతోనే గాడిలో మాడుని గీకాడు. పెళ్లలు పెళ్లలుగా నా అరచేతిలో పడింది, పగలగొడితే బొగ్గులా మెరిసింది. మరుసటేడు మా బాబాయి, ఇంత తతంగం ఎందుకని ఆయిల్లోనే కిరసనాయిలు పోసి ఇంజన్ తిప్పాడు. నూనె పలచబడింది, మాడు ఒక్కసారిగా ఊడి నూనె వెళ్లే జల్లెడకి అడ్డంపడింది, నూనె అందక బేరింగు పోయింది. నాట్ల రోజుల్లో! మా తాతగారు వారం రోజులు బాబాయితో మాట్లాడలేదు.

అందుకే ఈ ఆయిల్ నెమ్మదిగా పనిచేయడమే నాకు నచ్చింది. రెండు మూడు సార్లు మార్చాకగానీ తేడా తెలియదు, మీ నాన్నకి ఆ మాట చెప్పండి, ఆయనకి ఓపిక తక్కువ. రింగులు అరిగిపోయినా, వాల్వుల దగ్గర నూనె కారకుండా ఆపే సీళ్లు గట్టిపడి పగిలినా మాత్రం ఏ ఆయిలూ ఏమీ చేయలేదు, అప్పుడు విప్పాల్సిందే.

మసిని నూనె ఎలా పట్టుకుని తేలుస్తుందో పూర్తిగా చెప్పాలంటే కెమిస్ట్రీలోకి వెళ్లాలి, దానికన్నా చూడటమే బాగుంటుంది. ఆదివారం బండి చదునుగా ఉన్నచోట, ఆపిన పది నిమిషాలకి, నాన్నని పక్కన పెట్టుకుని డిప్‌స్టిక్, అదే నూనె ఎంతుందో చూసే పుల్ల, తీయండి. రెండు గీతల మధ్య నూనె ఎక్కడిదాకా ఉందో తేదీ వేసి రాసుకోండి. ఆ కొసన ఉన్న ఒక్క చుక్కని టిష్యూ కాగితం మీద వదిలి, రాత్రంతా కదపకండి. పొద్దునకి నలుపు సమంగా చుట్టూ పాకిందా, నడిమధ్య ముద్దగా ఆగి అంచున పసుపు రంగు వలయం ఒక్కటే మిగిలిందా? మసిని నూనె తేలుస్తుంటే పాకుతుంది, చేతులెత్తేస్తే మధ్యలో ఆగిపోతుంది. ఆ కాగితం ఆరాక కవర్లో పెట్టి నాకు పంపండి, నానమ్మకి కూడా చూపించాలి.

మీ తాతయ్య